ఓడ మీద వచ్చిన చుట్టాలు

ఈ వేసవికి ఎక్కడికీ ప్రయాణం పెట్టుకోకూడదని మార్చిలోనే అనుకున్నాం. మావారికి సెలవు దొరికే దారి కనిపించలేదు. అబ్బాయికి ఇంటర్ రెండో సంవత్సరం క్లాసులు ముందుగానే మొదలవుతాయన్నారు. ఇంటిపట్టునే ఉండి మన వైజాగ్‌నే తీరిగ్గా తిరిగి చూద్దామని పిల్లలకి సర్దిచెప్పాం. సరిగ్గా అప్పుడే పోర్ట్ బ్లెయిర్ నుంచి మా చెల్లి ఫోన్ చేసింది. "ఈసారి సెలవులకి మేమే వస్తున్నామక్కా, ఓడలో. మా అత్తగారు కూడా వస్తానంటున్నారు."

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మార్చారు కానీ మా ఇళ్ళలో ఇంకా పాత పేరే నడుస్తోంది, లేదంటే ఉత్తి 'అండమాన్'. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా ఈ తీరంలో ఏ వీధిలో అడిగినా అండమాన్‌లో ఒక చుట్టం ఉన్నవాళ్ళు దొరుకుతారు. వేటకని, కూలిపనులకని వెళ్ళి అక్కడే ఇళ్ళు కట్టుకున్న కుటుంబాలు ఎన్నో. జంగ్లీఘాట్ లాంటి పేటల్లో సందులో నడుస్తుంటే మన యాసలోనే తిట్లూ, పలకరింపులూ వినిపిస్తాయని చెల్లి చెబుతుంది. దాని అత్తగారు భీమిలి అవతల ఒక పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక ఓడెక్కిన మనిషి. పుట్టింటికి వచ్చి చాలా ఏళ్ళయింది.

వాళ్ళు వస్తున్నారన్న సంతోషంతో పాటు నాకు ఒక టెన్షన్ కూడా పట్టుకుంది. హైదరాబాద్ నుంచి చుట్టాలొస్తే పని తేలిక. పొద్దున బీచ్, సాయంత్రం బీచ్, మధ్యలో కైలాసగిరి. చుట్టూ సముద్రమే ఉన్న దీవి నుంచి వచ్చేవాళ్ళకి ఏం చూపించాలి?

శనివారం

వైజాగ్‌కి అండమాన్ ఓడ రోజూ రాదు. ఎప్పుడో ఒకసారి వస్తుంది, దాన్ని బట్టే సెలవులు కుదుర్చుకోవాలి. ఇంచుమించు పన్నెండు వందల కిలోమీటర్ల దూరం, మూడు రోజుల దారి. పోర్టు గేటు బయట ఎండలో మేం, లోపల నుంచి సామాన్లతో జనం. మా మరిది రెండు గోనెసంచులు మోసుకుంటూ ముందొచ్చాడు. ఒకదాంట్లో కొబ్బరికాయలు, వక్కలు, ఎండుచేపలు. రెండోది మాత్రం ఎవరికీ ఇవ్వకుండా చెల్లి అత్తయ్య తన కాళ్ళ దగ్గరే పెట్టించుకుంది. అందులో మొలకలొచ్చిన కొబ్బరికాయలున్నాయి.

ఇంటికొచ్చాక కూడా ఆవిడ గోడ పట్టుకునే నడిచింది. "ఏటి తల్లీ, నేలింకా ఊగతన్నట్టే ఉంది," అంది. ఓడ ప్రయాణం చేసినవాళ్ళకి ఒకటి రెండు రోజులు అలాగే ఉంటుందట. మా అమ్మ ఆవిడకి మజ్జిగలో ఉప్పూ నిమ్మకాయా కలిపి ఇచ్చి, మంచం ఫ్యాను కిందకి జరిపింది. ఆ తర్వాత చెల్లిని పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం భోజనాల దాకా ఆ ఇద్దరినీ నేను కదపలేదు.

అయిదుగురు అదనంగా వస్తే నీళ్ళెలా అని నేను ముందే లెక్కలేసుకున్నాను. మా వీధిలో కుళాయి పొద్దున కాసేపే వస్తుంది. కానీ ఆ పిల్లల్ని చూసి నేనే నేర్చుకోవాల్సి వచ్చింది. ఒక్కొక్కరూ ఒక్క బకెట్‌తో స్నానం ముగించి, బట్టలు జాడించిన నీళ్ళు మొక్కలకి పోశారు. పోర్ట్ బ్లెయిర్‌కి ధనిఖరి డ్యామే పెద్ద దిక్కు. వానలు వెనకబడ్డ వేసవిలో కుళాయి రోజూ రాదు, వచ్చిన రోజున ఇల్లంతా డ్రమ్ములు నింపుకోవాలి. అంత వాన పడే దీవిలో ఇదేమిటని అడిగితే, "కురిసిన వాన నిలబడే చోటు లేదు వదినా, కొండ దిగితే సముద్రమే," అన్నాడు మరిది.

ఆదివారం

నాలుగున్నరకే పిల్లలిద్దరూ లేచి కూర్చున్నారు. అక్కడ అప్పటికే తూరుపు తెల్లబడే వేళ. మనకీ వాళ్ళకీ గడియారం ఒకటే గానీ, దీవులు తూర్పున అంత దూరంలో ఉండటం వల్ల సూర్యుడు వాళ్ళకి అరగంట పైన ముందొస్తాడు, అంత ముందుగానూ వెళ్ళిపోతాడు. సాయంత్రం ఆరు దాటినా ఇక్కడ వెలుతురు ఉండటం చూసి చిన్నాడు, "పెద్దమ్మా, మీకు రోజు పెద్దదా?" అని అడిగాడు.

లేచారు కదా అని అయిదింటికే బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళాం. పొద్దున పూట ఆ రోడ్డు మీద బళ్ళు తిరగనివ్వరు. నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, స్కేటింగ్ పిల్లలు, రాగిజావ అమ్మేవాళ్ళు. ఇసుకలోకి దిగే ముందు పెద్దది ఆగి, "ఇక్కడ మొసళ్ళుంటాయా?" అంది. నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆ పిల్ల నిజంగానే అడుగుతోంది. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళు సముద్రపు ఒడ్డుకి కూడా వస్తాయి. కొన్ని బీచ్‌లలో హెచ్చరిక బోర్డులు పెట్టి, స్నానం చేసే చోట వలలు కట్టారు.

మా దగ్గర మొసళ్ళు లేవు కానీ భయపడాల్సింది వేరే ఉంది. వాళ్ళ సముద్రం చాలాచోట్ల పగడపు దిబ్బల వెనక నిలకడగా, అడుగు కనిపించేలా ఉంటుంది. మా ఒడ్డు లోతుగా దిగిపోతుంది, అల విరిగి కాళ్ళ కింద ఇసుకని లాక్కుపోతుంది. అలలు తెచ్చిన నీరంతా ఏదో ఒక సందు చూసుకుని పాయలా వెనక్కి పోతుంది. అక్కడ అలలు విరగవు కాబట్టి పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. తెలియనివాళ్ళు సరిగ్గా అక్కడే దిగుతారు. ప్రతి వేసవిలోనూ ఆర్కే బీచ్‌లో, యారాడలో ఇలా పిల్లలు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. ఎప్పుడైనా ఆ పాయలో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురు ఈదకూడదు, ఒడ్డు వెంబడి పక్కకి ఈది బయటపడి అప్పుడు తిరగాలి. ఈ మాట మా పిల్లలకి చెప్పినట్టే వాళ్ళకీ చెప్పాను. ఇద్దరూ చేపపిల్లల్లా ఈదేవాళ్ళే, అయినా మోకాళ్ళ దాకానే దిగనిచ్చాను. ఊరు కాని ఊళ్ళో ఈత వచ్చినవాళ్ళకే ప్రమాదం ఎక్కువ అని నా నమ్మకం.

మరిది మాతో ఉండలేదు, పెదజాలరిపేట వైపు నడిచి వెళ్ళిపోయాడు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ 61 రోజులూ బోట్లన్నీ ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసి ఉంటాయి. ఇంజను లేని తెప్పలకి మాత్రం మినహాయింపు. అందుకని వాళ్ళొచ్చే రోజుల్లో కోనెం ముక్క పెడదామన్నా దొరకలేదు, దొరికిన చోట రేటు వినలేకపోయాం. మరిది తెల్లారేసరికి ఒడ్డుకి చేరిన తెప్ప దగ్గర మెత్తళ్ళు, కొద్దిగా కవళ్ళు కొనుక్కొచ్చాడు. మామిడికాయ వేసి మెత్తళ్ళ పులుసు పెట్టింది అమ్మ. ఖరీదైన చేప లేదన్న లోటు ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు.

సాయంత్రం కురుసుర సబ్‌మెరైన్. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన జలాంతర్గామిని 2002లో ఇసుకలోకి లాగి మ్యూజియం చేశారు. 91 మీటర్ల పొడవు, లోపల ఒక మనిషి మాత్రం పట్టే దారి. మరిదికి ఓడల పని తెలుసు కాబట్టి ఒక్కో గొట్టం దగ్గరా ఆగాడు. పిల్లలు బయటికొచ్చి మురీ మిక్చర్ బండి దగ్గర ఆగారు.

సోమవారం

అసలు ప్రయాణం ఇదే. వైజాగ్‌లో ఏం చూడాలనుందని ఫోన్‌లో అడిగినప్పుడు పిల్లలిద్దరూ ఒకేసారి చెప్పిన మాట, "రైలు."

అండమాన్ నికోబార్ దీవుల్లో రైలు మార్గం లేదు. ఈ పిల్లలు ఓడెక్కారు, మోటారు బోటెక్కారు, చిన్నప్పుడు ఒకసారి విమానం కూడా ఎక్కారు. రైలుని మాత్రం పుస్తకంలోనే చూశారు. దూరానికి టికెట్ తీసి ఎక్కడికో వెళ్ళడం కన్నా కిరండూల్ ప్యాసింజర్‌లో అరకు వైపు తీసుకెళ్ళడమే నయమనిపించింది. మన దేశంలో మొదటిసారి రైలెక్కే పిల్లలకి ఇంతకన్నా మంచి దారి ఉండదని నేను ధైర్యంగా చెబుతాను.

అద్దాల బోగీలో టికెట్లు ఎప్పుడో అయిపోయాయి. మామూలు బోగీలోనే కిటికీలు దొరికాయి, గాలికి అదే మేలు. పొద్దున్నే స్టేషన్‌లో రైలు ఆగి ఉంటే చిన్నాడు చక్రాల దగ్గర వంగి చూస్తూ కదలడు. స్టీరింగ్ లేకుండా ఎలా తిరుగుతుందన్నది వాడి అనుమానం. చక్రానికి లోపలి వైపు ఒక అంచు ఉంటుందని, పట్టా ఎటు వంగితే అది చక్రాన్ని అటు నడిపిస్తుందని మా అబ్బాయి వాడికి చూపించాడు. ఆ తర్వాత దారి పొడవునా ప్రతి స్టేషన్‌లోనూ చక్రం చూడటమే.

కొత్తవలస, శృంగవరపుకోట దాటి బొడ్డవర వరకూ మామిడితోటలు, జీడితోటలు. అక్కడి నుంచి బండి కొండ ఎక్కుతుంది. ఒక పక్క లోయ, ఇంకో పక్క చేత్తో తాకగలిగేంత దగ్గరగా రాయి. సొరంగంలోకి వెళ్ళగానే బోగీ అంతా కేకలు. వంపు తిరిగినప్పుడల్లా ముందున్న ఇంజను మనకే కనిపిస్తుంది. తను కూర్చున్న బండి ముందు భాగాన్ని తనే చూడటం ఆ పిల్లాడికి ఎంత నచ్చిందో చెప్పలేను. "ఓడలో ఉంటే ఓడ కనిపించదు," అన్నాడు.

ఈ దారి మనుషుల కోసం వేసింది కాదు. బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని వైజాగ్ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి 1960లలో ఈ కొండల్ని తొలిచారు. కిరండూల్ వరకూ యాభైకి పైగా సొరంగాలు. ఇప్పటికీ ఖనిజం బళ్ళదే పెద్దపీట. ఎదురుగా ఒకటి వస్తుంటే మా బండి స్టేషన్‌లో ఆగి దారిచ్చింది. ఎర్రటి దుమ్ము పట్టిన వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి, పిల్లలు లెక్కపెట్టలేక వదిలేశారు. మరిది పోర్ట్ బ్లెయిర్ హార్బర్‌లో పనిచేస్తాడు. "ఈ మట్టి వైజాగ్ రేవులో ఓడలోకి పడటమే చూశాను వదినా, ఇది బయల్దేరే దారి ఇన్నాళ్ళకి చూశాను," అని తలుపు దగ్గరే నిలబడ్డాడు.

బొర్రాలో దిగాం. గుహలు పిల్లలకి కొత్త కాదు, వాళ్ళ బారాటాంగ్ దీవిలోనూ సున్నపురాతి గుహలున్నాయి. అయితే అక్కడ వంగి నడవాలి, ఇక్కడ తలెత్తితే పైకప్పు ఎక్కడో ఉంటుంది. 1807లో విలియం కింగ్ జార్జ్ అనే ఆంగ్లేయుడు వీటి గురించి బయటి ప్రపంచానికి చెప్పాడంటారు. ఇక్కడి గిరిజనులకి అంతకు ముందు నుంచీ తెలుసు, లోపల శివలింగానికి పూజలూ ఉన్నాయి. నీటిలో కరిగిన సున్నం చుక్క చుక్కగా దిగి, ఎండి, పై నుంచి వేలాడే స్తంభమవుతుంది. కింద పడ్డ చుక్కలు నేల నుంచి పైకి లేస్తాయి. మేమొచ్చిన రైలు దారి ఈ గుహల నెత్తి మీదుగానే పోతుందని తెలిసి చిన్నాడు పైకి చూస్తూ నిలబడిపోయాడు. గుహని తొలిచింది గోస్తనీ నది అని చెబితే పెద్దది ఆ పేరు రెండుసార్లు పలికి చూసుకుంది.

బయట కాల్చిన బొంగులో చికెన్ తిని, జీపు మాట్లాడుకుని అరకు చూసి, ఆర్టీసీ బస్సులో ఇంటికొచ్చాం. అరకు గురించి ఎక్కువ చెప్పను. అక్కడ చల్లగా ఉంది, కాఫీ బాగుంది, జనం మాత్రం మరీ ఎక్కువ.

మంగళవారం

ఒళ్ళు నొప్పులు. పిల్లలు పదింటి దాకా లేవలేదు.

చెల్లి మాత్రం జాబితా పట్టుకుని సిద్ధంగా ఉంది. దీవికి బియ్యం, పప్పులు, ఉల్లిపాయల దగ్గర నుంచి చాలా సరుకు ఓడలోనే వెళ్ళాలి, అందుకే అక్కడ ధరలు వేరు. ఇక్కడికొచ్చినవాళ్ళు ఏడాదికి సరిపడా కొనుక్కుపోతారు. పూర్ణా మార్కెట్‌లో చింతపండు, ఎండుమిరప, అనకాపల్లి బెల్లం, ఇత్తడి దీపపు కుందులు, స్టీలు డబ్బాలు. ఆ సందుల్లో నాకు ఊపిరాడదు. చెల్లి మొహం మాత్రం వెలిగిపోయింది. బేరం ఆడటానికి ఇన్ని కొట్లు ఒక్కచోట దొరకడమే దానికి సెలవు.

అసలు పని ఆవకాయ. మే నెలలో పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల ఆవకాయ లేకుండా వెళ్ళడమా అని అమ్మ పంతం. పుల్లగా, పీచుతో, టెంక గట్టిపడ్డ కాయలు ఏరి, మార్కెట్‌లోనే పెద్ద కత్తిపీట మీద కొట్టించాం. ఇంటికొచ్చి జీడి తీసి, పొర గీకి, ఒక్కో ముక్కనీ పొడిగుడ్డతో తుడిచాం. ఎక్కడా తడి తగలకూడదు. అమ్మ నేల మీద కూర్చుని ఆవపిండి, కారం, ఉప్పు కలుపుతుంటే చెల్లి నూనె పోసింది. నువ్వుల నూనె. ఓడలో మూడు రోజులు, ఆ తర్వాత అక్కడి తేమ, కాబట్టి నూనె మామూలు కన్నా ఎక్కువే పోయాలంది అమ్మ. ముక్క నూనెలో మునిగి ఉంటే గాలి తగలదు, బూజు పట్టదు. మాగాయ, బెల్లం ఆవకాయ కూడా పెట్టాం. మా అమ్మాయీ, చెల్లి కూతురూ కలిపిన పళ్ళెంలో వేడన్నం వేసుకుని తిన్నారు. వాళ్ళిద్దరూ అప్పటిదాకా ఫోన్‌లో తప్ప కలిసి కూర్చున్నది లేదు. ఆ పిల్ల తమ్ముడితో హిందీలో పోట్లాడుతుంది, మాతో తెలుగులో మాట్లాడుతుంది, అక్కతో రెండూ.

రాత్రికి సువర్ణరేఖ పళ్ళు. బుగ్గ ఎర్రగా ఉండే ఈ పండు మా ఉత్తర కోస్తా సొంతం. బంగినపల్లి కన్నా ఇదే ఎక్కువని ఒప్పుకునేవాళ్ళు మా ఇంట్లో నేనూ, అమ్మా.

బుధవారం

సింహాచలం. అత్తయ్య మొక్కు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు పిల్లలంతా క్షేమంగా ఉంటే తలనీలాలు ఇస్తానని అప్పన్నకి మొక్కుకుందట. ఆ తర్వాత ఏళ్ళ తరబడి రావడం కుదరలేదు. అక్షయ తృతీయ నాటి నిజరూప దర్శనం అయిపోయింది కాబట్టి రద్దీ కొంత తగ్గింది. ఏడాదంతా చందనం పూతలో ఉండే స్వామి ఆ ఒక్క రోజే అసలు రూపంలో కనిపిస్తాడు. మర్నాటి నుంచి మళ్ళీ చందనమే, దాన్ని విడతలు విడతలుగా సమర్పిస్తారు.

గుండు చేయించుకుని వచ్చిన అత్తయ్య కప్పస్తంభాన్ని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వెనక లైన్‌లో ఉన్నవాళ్ళు కూడా ఏమీ అనలేదు. కొండ దిగేటప్పుడు సంపెంగలు కొని ఆవిడ చేతికి అలవాటుగా ఇచ్చి, తర్వాత తల వైపు చూసి నొచ్చుకున్నాను. ఆవిడే మా అమ్మాయిని పిలిచి, ఆ పిల్ల జడలో పెట్టింది.

గురువారం

భీమిలి. ఈ రోజు కోసమే ఆవిడ సముద్రం దాటి వచ్చింది.

బీచ్ రోడ్డు వెంట బయల్దేరాం. అత్తయ్య మొలక కొబ్బరికాయల సంచి ఒళ్ళో పెట్టుకుని కారులో ముందు కూర్చుంది. రుషికొండ దగ్గర శుభ్రమైన బీచ్‌లకి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ జెండా 2020లో వచ్చిందని మావారు చెబుతుంటే ఆవిడ వినలేదు. "నాను ఓడెక్కినప్పుడు ఈ రోడ్డు నేదు. తగరపువలస మీంచి బస్సులో ఎల్లేవోళ్ళం," అంది. దారిలో తాటిముంజెలు కొన్నాం. తొట్లకొండ పైకి ఎక్కాం. రెండువేల ఏళ్ళ నాటి బౌద్ధ ఆరామం, వాన నీరు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు. కొండ మీద కురిసినదాన్ని అప్పుడే దాచుకున్నారని మరిది వాటి చుట్టూ తిరిగి చూశాడు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగాం కానీ లోపలికి వెళ్ళలేదు, ఎండ మండిపోతోంది. గాలీ, సముద్రమూ వేల ఏళ్ళుగా పోగేసిన ఎర్ర ఇసుక అది. భూగర్భ శాస్త్రవేత్తలు జాతీయ వారసత్వంగా గుర్తించిన ఆ దిబ్బల్ని కాపాడుకోవడం మన చేతిలోనే ఉంది. అంచులు కోసుకుపోయిన చోట్లు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ళు వర్తకం చేసి, చనిపోయినవాళ్ళని ఇక్కడే పాతుకున్నారు, ఆ సమాధులు ఇంకా ఉన్నాయి. పిల్లలకి సమాధుల కన్నా గోస్తనీ ఏటి ముఖం నచ్చింది. వేసవి కాబట్టి ఇసుక మేట మధ్య నుంచి సన్నగా సముద్రంలో కలుస్తోంది. పేరు వినగానే పెద్దది ఆగింది. "బొర్రాలో చూసిన నదేనా?" అదే. అనంతగిరి కొండల్లో పుట్టి, గుహల్లోంచి దూరి, తాటిపూడి జలాశయంలో ఆగి, ఇక్కడికొస్తుంది. తాటిపూడి నుంచే మా వైజాగ్‌కి కొంత తాగునీరు వస్తుందని చెప్పాను. వాళ్ళు పొదుపుగా వాడిన బకెట్‌లోకి కూడా ఆ నీళ్ళే వచ్చి ఉంటాయి.

పల్లెలో బోట్లన్నీ ఒడ్డు మీద వరసగా ఉన్నాయి. మగాళ్ళు తాటాకు పందిరి కింద వలలు బాగుచేసుకుంటున్నారు. నిషేధం రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి ఎవరికి పడింది, ఎవరికి పడలేదు అన్నదే అక్కడి కబురు. అత్తయ్య కారు దిగి, ఎవరి సాయం లేకుండా, ఏ సందులో తిరగాలో అడక్కుండా నడిచింది. తమ్ముడు పోయాడు, తమ్ముడి కొడుకు ఉన్నాడు. తాటాకిల్లు పోయి స్లాబు ఇల్లొచ్చింది. నుయ్యి మాత్రం ఉన్నచోటే ఉంది. పక్కింటి నుంచి ఆవిడ ఈడుదే ఒక ముసలామె వచ్చి, గుండు వైపు, మొహం వైపు మార్చి మార్చి చూసి, "ఓలమ్మా, నువ్వా!" అంది. ఇద్దరూ కింద కూలబడి ఏడ్చారు. నేనూ, చెల్లీ పక్కకి వెళ్ళిపోయాం.

పెరట్లో ఉన్న కొబ్బరి చెట్లు 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకి పడిపోయాయి. ఆ సంగతి ఫోన్‌లో విన్నప్పటి నుంచి అత్తయ్య మనసులో ఉంది. ఆ సంచి దానికే. తమ్ముడి కొడుకు గోతులు తీశాడు. ఇసుకనేల కాబట్టి అడుగున కొబ్బరి పీచు పరవమంది, తేమ నిలుస్తుందట. చిటికెడు ఉప్పు వెయ్యమంది. మొలక మెడ దాకా మట్టి కప్పొద్దు, కాయ సగమే పూడ్చండి అని దగ్గరుండి చెప్పింది. తొలి రెండేళ్ళు వేసవిలో నీళ్ళు పోయాలని ఆ ఇంటి కోడలి చేత మాట తీసుకుంది. భోజనాల వేళకి వీధిలో సగం మంది ఆ పెరట్లోనే ఉన్నారు. అండమాన్‌లో ఉన్న తమ తమ వాళ్ళ పేర్లు చెప్పి, తెలుసా, బాగున్నారా అని ఒకరి తర్వాత ఒకరు అడగడమే. మరిదికి చాలామంది తెలుసు. కొందరు ఫోన్ నంబర్లు రాసుకున్నారు, ఒకావిడ కొడుక్కి ఇమ్మని అరిసెల డబ్బా ఇచ్చింది.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. మూడో రోజు కాబట్టి ఆవకాయ తిరగకలిపి, ఉప్పు చూసి పడుకున్నాం.

శుక్రవారం, శనివారం

బంగాళాఖాతంలో అల్పపీడనం. పోర్టులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు, ఓడ బయల్దేరడం వాయిదా పడింది. నాకు లోలోపల సంతోషమే. నైరుతి రుతుపవనాలు మన కన్నా చాలా ముందే దీవుల్ని తాకుతాయి. అక్కడ వానలు మొదలయ్యాయని పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. ఇక్కడ మాత్రం ఉక్కపోత, కదిలితే చెమట.

డాబా మీద చాపలు పరుచుకున్నాం. గాలి లేచిన రాత్రి కాబట్టి మాట తుపాన్ల మీదకి పోయింది. హుద్‌హుద్ అప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు. వీధిలో నిలబడ్డ చెట్టు లేదు. సునామీ గురించి చెల్లి ఎప్పుడూ మాట్లాడదు, ఆ రాత్రి మాట్లాడింది మరిది. భూకంపం తర్వాత దక్షిణ అండమాన్‌లో నేలే కిందకి కుంగింది. సిప్పీఘాట్ వైపు వరి పండిన పొలాల్లోకి ఉప్పునీరు వచ్చింది, వచ్చినది తిరిగి పోలేదు. "మీకు గాలి వచ్చి వెళ్ళిపోయింది. మాకు సముద్రం వచ్చి ఉండిపోయింది," అన్నాడు. పిల్లలు మా మధ్యలో పడుకుని వింటున్నారు.

శనివారం జూకి వెళ్ళాం. పులిని చూడటం వాళ్ళకి మొదటిసారి, అండమాన్ అడవుల్లో పులులు లేవు. ఎండ దెబ్బకి పులి నీళ్ళలోంచి లేవలేదు, మేమూ త్వరగా ఇల్లు చేరాం.

సోమవారం

సూచిక దించారు, ఓడ ఖాయమైంది. తెల్లవారుజామునే సామాన్లు కట్టాం. ఆవకాయ డబ్బాలకి మూత మీద గుడ్డ కట్టి, నిలబెట్టి పెట్టేలా అట్టపెట్టెలో సర్దాడు మరిది. మాడుగుల హల్వా, అనకాపల్లి బెల్లం, చిన్నాడికి వాడు పట్టుబట్టి కొనిపించుకున్న బొమ్మ రైలు.

పోర్టు గేటు దగ్గర మా అబ్బాయి మరిదిని పక్కకి తీసుకెళ్ళి, అండమాన్ టికెట్ల సంగతి అడిగాడు. మే నెలలో వద్దు, జనవరి, ఫిబ్రవరిలో సముద్రం నిలకడగా ఉంటుంది, నీళ్ళూ తేటగా ఉంటాయి, అప్పుడు రండి అన్నాడు మరిది. బంకు క్లాసులో పడుకోవడానికి చోటు బాగానే ఉంటుందట. వచ్చేటప్పుడు విమానంలో వస్తే మావారి సెలవు సరిపోతుంది. అత్తయ్య మాత్రం మా అమ్మ చెయ్యి పట్టుకుని, "నువ్వు రాకుండా ఈళ్ళని పంపకు," అంది. అమ్మ ఓడెక్కనని గానీ ఎక్కుతానని గానీ చెప్పలేదు. మూడు రోజులకి మందులు ఎన్ని పట్టుకెళ్ళాలో లెక్కేస్తోంది.